ఆయన పేరు కింద

ఇక మీదట ఎవరూ ఆఫీసుకు రానక్కర్లేదు, ఎవరింట్లో వాళ్లు కూర్చుని పని చేసుకోవచ్చు అని మా కంపెనీ చెప్పిన రోజున అందరూ సంబరపడ్డారు. బస్సుల్లో వేలాడే బాధ తప్పిందని కొందరు, పొద్దున్నే పొయ్యి దగ్గర హడావుడి తప్పిందని కొందరు. మా ఆయన ఒక్కడే తల పట్టుకుని కూర్చున్నాడు. నేను వేళాకోళం చేశాను. పెళ్లాం పక్కన కూర్చుని పని చేసుకోమంటే ఇంత దిగులు పడే మగాణ్ణి మిమ్మల్నే చూశాను అన్నాను. ఆయన నవ్వలేదు.

మా ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే విభాగం. ఫిర్యాదుల విభాగం. బట్టలుతికే మిషన్లు, ఫ్రిజ్‌లు, మిక్సీలు కొని మోసపోయామనుకున్నవాళ్లు కోపంతో రాసేవన్నీ మా కంప్యూటర్లలోకి వచ్చి పడతాయి. వాటికి మేము జవాబులు రాయాలి. ఫోనులో మాట్లాడే పని లేదు, అంతా రాతే. జవాబు అందుకున్నవాళ్లు చివర్లో మార్కులు వేస్తారు. మనల్ని తిట్టినవాడి చేతే మనకి మార్కులు వేయించాలన్న ఆలోచన ఎవడి బుర్రలో పుట్టిందో గాని, మా ఉద్యోగాలు నిలబడేదీ ఊడేదీ ఆ మార్కుల మీదే.

నేను ఆయన కంటే రెండేళ్లు ముందు చేరాను. కొత్తగా వచ్చినప్పుడు పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని ఆయనకి పని నేర్పింది నేనే. తిట్ల మధ్యలోంచి అసలు బాధ ఏదో ఎలా ఏరుకోవాలో, క్షమించమని ఎక్కడ అనాలో, ఎక్కడ అంటే ఇంకా మండుతుందో అన్నీ చెప్పాను. ఆయన రాత అంతంతమాత్రం. కానీ మనిషి ఉంటే ఆ గదికి కళ. ఎవరి కుర్చీ దగ్గరికైనా వెళ్లి రెండు ముక్కలు మాట్లాడి వచ్చేవాడు. కాఫీ మిషను దగ్గర నిలబడితే చుట్టూ నలుగురు చేరేవారు. ఆఫీసులో అందరూ ఆయన్ని రేడియో అనేవాళ్లు. ఆ రేడియో వినే నేను పెళ్లికి ఒప్పుకున్నాను.

ఇంటికొచ్చాక రేడియో మూగబోయింది. మా ఇల్లంటే రెండు గదులూ ఒక హాలూ. హాల్లో కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, ఆ గోడ నిండా పైపులు. అన్నం తినే బల్ల మీదే రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టుకున్నాం. ఎదురుగా సోఫాలో మా అత్తయ్య, మోకాళ్ల నొప్పుల మనిషి, రోజంతా అక్కడే. మొదట్లో ఆయన బాగానే ఉన్నాడు. రానురాను ఒక ఫిర్యాదు తెరిచి దాన్నే చూస్తూ కూర్చునేవాడు. లేచి వెళ్లి కిటికీలోంచి పైపులు చూసేవాడు. కాసేపటికి లోపలికెళ్లి మంచమ్మీద వాలిపోయేవాడు. ఏమైందండీ అంటే, ఏం లేదు, ఎవరూ లేరు కదా అనేవాడు. కట్టుకున్నదాన్ని నేనూ, కన్నతల్లీ ఎదురుగా ఉండగా ఎవరూ లేరనడమేమిటని నాకు ఒళ్లు మండేది. కానీ ఆ మాట అబద్ధం కాదని కూడా తెలుస్తూనే ఉండేది. చేపని తీసి గట్టు మీద పడేసినట్టు అయిపోయాడు మనిషి.

కంపెనీ మాత్రం కొత్త కాపురానికి వచ్చిన కోడలిలా రోజుకో పద్ధతి నేర్చుకుంది. ముందు మేం పనిచేసిన అంతస్తు ఖాళీ చేసింది. కుర్చీలూ బల్లలూ అమ్మేసింది. మీ ఇల్లే మన ఆఫీసు అని అందరికీ ఒక రంగుల బొమ్మ పంపింది. ఇల్లు మాది, కుర్చీ మాది, కరెంటు మాది, ఆఫీసు మాత్రం వాళ్లది. ప్రతి ఒక్కరి పేరు పక్కనా ఒక దీపం పెట్టారు. పని చేస్తున్నంతసేపూ అది ఆకుపచ్చగా వెలుగుతుంది. కాసేపు మౌసు కదలకపోతే పసుపు రంగుకు తిరుగుతుంది. ఇంకాసేపు కదలకపోతే పైవాళ్లకి కబురు పోతుంది. బుధవారం మధ్యాహ్నం అందరూ కెమెరాల ముందు కూర్చుని కలిసి టీ తాగాలి, దానికి హాజరు వేస్తారు. ఎవరూ ఏమీ మాట్లాడరు, పాతిక మంది జుర్రుకునే చప్పుడు వినిపిస్తుంది, అంతే.

శుక్రవారం ఐదు మొహాల బొమ్మలు వస్తాయి. నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా. ఈ వారం మీ సంతోషం ఎలా ఉందో నొక్కమంటారు. మా ఆయన ఒకసారి నిజాయితీగా ఏడ్చే మొహం నొక్కాడు. గట్టిగా ఊపిరి పీల్చి మెల్లగా వదలండి అని యంత్రం నుంచి జవాబొచ్చింది. ఆ తర్వాత నుంచి నవ్వే మొహమే నొక్కడం మొదలుపెట్టాడు.

ఆయన మంచమెక్కితే దీపం పసుపుకు తిరిగేది. అది చూసి అత్తయ్య సోఫాలోంచి లేచి, కుంటుకుంటూ వచ్చి, మౌసు అటూ ఇటూ తిప్పి వెళ్లేది. నేను నేర్పలేదు, చూసి నేర్చుకుంది. బీన్స్ తుంచుకుంటూ ఒక కన్ను ఆ దీపం మీదే ఉంచేది, పొయ్యి మీద పాలు కాగుతున్నట్టు. డెబ్బై ఏళ్ల వయసులో ఆవిడ కూడా మా కంపెనీలో జీతం లేని ఉద్యోగంలో చేరిపోయింది.

మా పై అధికారి ఒకావిడ. చాటుగా ఆవిణ్ణి తేనెసీసా అంటాం. చావు కబురైనా సరే చల్లగా, తియ్యగా చెబుతుంది. ఒకరోజు పొద్దుటి సమావేశం అయిపోయాక మా ఆయన్ని ఒక్కణ్ణే ఉండమంది. మీరు మాకెంతో కావలసిన మనిషి, కానీ మార్కులు ఇలాగే ఉంటే ఈ నెల దాటాక మనం కలిసి ప్రయాణం చేయడం కష్టమేమో అంది. పక్కన కూర్చున్న నాకు అంతా వినిపిస్తూనే ఉంది. ఆయన సరే మేడం, సరే మేడం అంటున్నాడు.

మర్నాడు ఆయన లోపలికెళ్లి పడుకున్నాక నా కుర్చీ పక్కకి జరిపి ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాను. పొద్దున సమావేశం జరిగే కాసేపే కెమెరాలు. ఆ తర్వాత ఎవరి మొహమూ ఎవరికీ అక్కర్లేదు, జవాబులు వెళుతున్నాయా లేదా అనేదే లెక్క. ఆయన పేరు కింద ఒక జవాబు రాశాను. తర్వాత ఇంకొకటి. లేచి వచ్చి చూసుకుని ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కోసమే మర్నాడూ రాశాను, ఆ మర్నాడూ రాశాను. ప్రేమతోనే రాశాను, అందులో దాచుకునేదేముంది.

పోయేలా ఉన్న ఉద్యోగం ఆయనది కనుక మంచి జవాబులన్నీ ఆయనకే. తల చురుగ్గా పనిచేసే పొద్దుటి పూటంతా ఆయన ఫిర్యాదుల ముందు కూర్చునేదాన్ని. మిగిలిన ఓపికతో, ఒక చెవి కుక్కరు కూత మీద వేసి, నా పేరు కిందవి గబగబా ముగించేదాన్ని. పిల్లాడికి పాలన్నీ పోసేసి తను మంచినీళ్లు తాగే తల్లిలాగా అన్నమాట, కాకపోతే ఈ పిల్లాడికి మీసాలున్నాయి.

ఇంకో వింత కూడా చూశాను. అవే మాటలు ఆయన పేరు కింద రాస్తే, చాలా థాంక్స్ సార్, ఇన్నాళ్లకి మీరొక్కరే అర్థం చేసుకున్నారు అని వచ్చేది. నా పేరు కింద రాస్తే, మీ పైన ఎవరైనా ఉంటే వాళ్లని రాయమనమ్మా అని వచ్చేది. మొదట్లో ఆయనకి చదివి వినిపించి ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత తర్వాత నాకు నవ్వు రాలేదు. ఆయన మార్కులు పైకి పోయాయి, నావి కిందికి జారాయి. ఒకరి పాస్‌వర్డుతో ఇంకొకరు పని చేస్తే ఇద్దరి ఉద్యోగాలూ తీసేస్తారని మాకు తెలుసు. అయినా ఒకే కప్పు కింద మొగుడూ పెళ్లాల మధ్య జరిగేది ఎవడు చూడొచ్చాడులే అనుకున్నాం.

అప్పుడు వచ్చింది కుటుంబ సమతుల్య పథకం. పేరు వింటే ఏదో మేలు చేస్తున్నట్టే ఉంటుంది. మాలాంటి జంటలు కంపెనీలో ఇంకొన్ని ఉన్నాయి. ఆఫీసు ఉన్న రోజుల్లో అదో ముచ్చట, మా బొమ్మలు గోడ మీద కూడా పెట్టారు. ఇప్పుడదే తలనొప్పి అయిందట. ఒకింట్లో ఇంటర్నెట్టు పోతే రెండు కుర్చీలు ఖాళీ అవుతాయట. పైగా ఇంట్లో ఒకరు తీరిగ్గా ఉంటేనే రెండోవాళ్లు మనసు పెట్టి పని చేయగలరట. కనుక ఇక మీదట ఒక ఇంటికి ఒక్కరే. ఎవరుండాలో ఆ జంటే మాట్లాడుకుని శుక్రవారం సమావేశంలో చెప్పవచ్చు. ఏమీ తేల్చుకోలేకపోతే మార్కులు చూసి కంపెనీయే తేలుస్తుంది.

నాకు ఆ ఉద్యోగం కావాలి. జీతం కోసమే కాదు. నేను బాగా చేస్తానని నాకు గట్టిగా తెలిసిన పని ప్రపంచంలో అదొక్కటే. ఎక్కడో ఎవరో పళ్లు కొరుక్కుంటూ రాసింది చదివి, ఆ మనిషి మనసు కుదుటపడేలా తిరిగి రాయగలిగితే ఆ పూట నాకు అన్నం సయిస్తుంది. మార్కులు చూసి తేలిస్తే ఉద్యోగం ఆయనకే పోతుంది. ఆ మార్కులు అలా ఉండడానికి కారణం నేనే. ఇది ఎవరితో చెప్పుకోవాలి?

నేను నోరు తెరవకముందే ఆయనే మాట ఎత్తాడు. అత్తయ్య కూడా అక్కడే ఉంది.

"నేను తప్పుకుంటాను. శుక్రవారం నేనే మేడంతో చెప్తాను. ఈ బల్ల ముందు కూర్చుంటే నాకు ఊపిరాడట్లేదు. రంగుల కొట్టులో చేరిపోతాను."

ఆయన స్నేహితుడొకడికి గోడలకి వేసే రంగుల దుకాణం ఉంది. వచ్చినవాళ్లతో కబుర్లు చెప్పి అమ్మే మనిషి కావాలని ఎప్పటి నుంచో పిలుస్తున్నాడు. జీతం కాస్త తక్కువే, కానీ పొద్దస్తమానం మనుషులు వస్తూ పోతూ ఉంటారు. ఆ కొట్టు ఆయన కోసమే పుట్టినట్టు ఉంటుంది. నిజంగానే అంటున్నారా అని అడిగాను.

"నీ మీద ఒట్టు. ఆ కుర్చీ నీది. నాకు పని నేర్పిందే నువ్వు కదా."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ మూడు రోజులూ మా ఇంట్లో రేడియో మళ్లీ మోగింది. ఎండ పడే గదికి ఏ రంగు వెయ్యాలో, చెమ్మ పట్టే గోడకి ఏది వెయ్యకూడదో అత్తయ్యకి ఒకటే ఉపన్యాసాలు. స్నేహితుడికి ఫోను చేసి వచ్చే వారం వస్తున్నానని కూడా చెప్పాడు. నేను అప్పుడే ఆయన కొట్టుకు కట్టుకుపోయే క్యారియరు కడిగి తుడిచి పెట్టాను. ఇంత సులువుగా ముడి విడిపోతుందని తెలిస్తే ఇన్నాళ్లు ఎందుకు కుమిలిపోయామా అనిపించింది.

శుక్రవారం ఇద్దరం ఒకే కెమెరా ముందు కుర్చీలు జరుపుకుని కూర్చున్నాం. కెమెరాకి కనపడని చోట సోఫాలో అత్తయ్య. తేనెసీసా నవ్వుతూ తెర మీదికి వచ్చింది. ఆవిడ వెనక పుస్తకాల బీరువా, అది బొమ్మే, నిజం పుస్తకాలు కావు. అసలు సంగతికి వెళ్లే ముందు ఒక మంచి మాట చెప్పుకుందాం అంది.

ఆ మధ్య బస్సు నడిపి రిటైరైన పెద్దాయనొకడు మిక్సీ మూత ఎగిరిపోయి కొత్తగా రంగులు వేయించిన వంటిల్లంతా పాడైందని మా కంపెనీకి నాలుగుసార్లు రాశాడు. ఒకదాన్ని మించి ఒకటి తిట్లు. నాలుగోది మా ఆయన వంతుకు వచ్చింది. దానికి నేను రాసిన జవాబుని ఆవిడ గొంతు సవరించుకుని పైకి చదివింది.

"మీరు రాసిన నాలుగూ చదివాను. మొదటి మూడింటికి మావాళ్లు ఇచ్చిన జవాబులు కూడా చదివాను. మీ కోపం మిక్సీ మీద కాదని నాకర్థమైంది. ఆ మూడు జవాబులూ మీ మాట చదవకుండానే రాసినవి. మీ స్థానంలో నేనున్నా ఇంతే కోపం వచ్చేది. మిక్సీ సంగతి రేపు చూస్తాం. మీ మాట ఒకరు పూర్తిగా చదివారని చెప్పడానికి ముందుగా ఇది రాస్తున్నాను."

చదివి ఆవిడ కళ్లజోడు తీసింది. నా కన్నకొడుకు కూడా నాతో ఇలా మాట్లాడలేదు అని ఆ పెద్దాయన తిరిగి రాశాడట. కంపెనీలో అందరికన్నా పైనున్నవాళ్లు కూడా ఈ జవాబు చదివారట. తర్వాత నా వైపు తిరిగింది.

"రోజూ పక్కనే కూర్చుంటారు కదమ్మా, ఈ పాటికి మీవారి దగ్గర కాస్తయినా నేర్చుకుని ఉండాల్సింది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కకి తిరిగి ఆయన వైపు చూశాను. సిగ్గుతో తల దించుకుని ఉంటాడనుకున్నాను. దించుకోలేదు. తలెత్తి తెర వైపే చూస్తున్నాడు. ఎన్నాళ్లకో ఆ మొహం వెలిగింది. కాఫీ మిషను చుట్టూ చేరి నలుగురూ తన మాటకి నవ్వుతుంటే అలా వెలిగేది. నేను ఇంట్లో ఎన్ని చేసినా రప్పించలేకపోయిన వెలుగు అది. తేనెసీసా ఆపలేదు. కొత్తగా చేరుతున్న పదిమందికి జవాబులు రాయడం నేర్పే బాధ్యత ఆయనదేనంది, ఆయన ఒక జట్టుకి నాయకుడంది, సోమవారం నుంచి రోజూ పొద్దున వాళ్లంతా ఆయన మాట కోసం ఎదురు చూస్తారంది. ఆవిడ మునగచెట్టు ఎక్కిస్తోంది, ఈయన కొమ్మ కొమ్మా పట్టుకుని ఎక్కుతున్నాడు.

అప్పుడు అడిగింది, ఇంతకీ ఎవరుండాలని మీరిద్దరూ ఏమైనా అనుకున్నారా అని. నేను బల్ల కింద ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను.

"లేదు మేడం. ప్రత్యేకంగా ఏమీ అనుకోలేదు" అన్నాడు ఆయన.

ఒక్క క్షణం నాకు ఆ మాట అర్థం కాలేదు. తేరుకుని, అనుకున్నాం మేడం, ఆయన తప్పుకుంటానన్నారు, వేరే ఉద్యోగం కూడా చూసుకున్నారు అన్నాను. అవునా అని ఆవిడ ఆయన్ని అడిగింది. అది ఇంట్లో ఊరికే అనుకున్న మాట మేడం అన్నాడు. నా వైపు చూడలేదు.

ఆ జవాబు నాది, ఆయన మార్కులన్నీ నావి అన్న మాట నా గొంతు దాకా వచ్చింది. ఆ మాట బయటికొస్తే ఇద్దరి ఉద్యోగాలూ అప్పటికప్పుడే పోతాయి. అద్దె కట్టకపోతే ఇంటాయన ఒక్క నెల కూడా ఆగడు. మింగలేక కక్కలేక సోఫా వైపు చూశాను. మూడు రోజుల కింద ఆ ఒట్టు విన్న మనిషి ఇంకొకరు ఆ గదిలో ఉన్నారు. అత్తయ్య ఒళ్లో గిన్నె పెట్టుకుని, తల వంచుకుని, అప్పటికే తుంచేసిన బీన్స్ మళ్లీ తుంచుతోంది. కుటుంబం కోసం మీరు చేస్తున్న త్యాగం చాలా గొప్పది అని తేనెసీసా నాకు చెప్పి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం కాకుండానే నా పేరు పక్కన దీపం ఆరిపోయింది. ఎన్నిసార్లు పాస్‌వర్డు కొట్టినా లోపలికి రానివ్వలేదు.

నేను నోరు చేసుకున్నాను. పెళ్లయిన దగ్గర నుంచి అత్తయ్య ఎదుట ఆయన్ని మీరు అని తప్ప అనలేదు. ఆ రోజు నువ్వు అన్నాను.

"ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"అంతలా మెచ్చుకున్నాక ఎలా చెప్పను?"

"మెచ్చుకుంది నా రాతని."

"పేరు నాదే కదా" అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు, పోట్లాటకు అన్నట్టు కూడా లేదు. ఆ మాటని ఆయన నమ్ముతున్నాడని అప్పుడు తెలిసింది నాకు. సొమ్మొకడిది సోకొకడిది అని నలుగురూ అంటుంటే విన్నాను గాని, ఆ సోకు చేసుకునేవాడు సొమ్ము తనదేనని నమ్మడం అదే మొదటిసారి చూడడం. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. నాకు తోడికోడలు లేదు. ఉద్యోగం పోయినందుకు కాదు, ఏమీ అనుకోలేదు అన్నందుకు ఏడ్చాను. రంగుల కొట్టు స్నేహితుడికి ఫోను చేసి, కంపెనీ నన్ను వదలడం లేదురా అని ఆయన నవ్వుతూ చెప్పడం లోపలి గదిలోంచి వినిపించింది.

వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే అత్తయ్య గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నేను రోజూ చూస్తూనే ఉన్నానే. రాసేది నువ్వని నాకు తెలుసు. వాడు ఒట్టెయ్యడమూ విన్నాను. ఏం చెయ్యను, వాడు నా కొడుకు. ఇన్నాళ్లకి వాడి మొహంలో నవ్వు కనపడేసరికి నాకు నోరు రాలేదు."

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఆ ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి ఆవిడ ఒక్కతే.

సోమవారం ఆయన పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, కింద మాత్రం ఇంట్లో వేసుకునే పైజామానే. నా కంప్యూటరుని కంపెనీ ఇంకా తీసుకుపోలేదు కనుక దాన్ని బల్ల చివరికి నెట్టి తన దాన్ని మధ్యకి జరుపుకున్నాడు. తెర మీద పది కొత్త మొహాలు, పదకొండోది తేనెసీసాది. మొదట కాసేపు రేడియో బ్రహ్మాండంగా మోగింది. కస్టమరు దేవుడు కాదు, మన పక్కింటివాడు అనుకోండి అన్నాడు. నవ్వించాడు కూడా. వంటింట్లో నిలబడి వింటున్న నాకే ఒక్క క్షణం ముచ్చటేసింది, అంత సిగ్గులేని మనసు నాది.

ఆ తర్వాత తేనెసీసా, మాటలెందుకు, ఇప్పుడే వచ్చిన ఫిర్యాదుకి అందరూ చూస్తుండగా ఒక జవాబు రాసి చూపించండి అంది. ఆయన రాసే ప్రతి అక్షరం ఆ పదకొండు మందికీ కనిపిస్తుంది. ఒక తల్లి రాసిన ఫిర్యాదు అది. కొత్త ఫ్రిజ్ తెచ్చిన వారానికే ఆగిపోయింది, లోపల పెట్టిన కొడుకు మందులన్నీ పాడైపోయాయి, వాటిని మళ్లీ తెచ్చుకోవడానికి ఎంత తిరిగానో మీకేం తెలుసు అని రాసింది. ఆయన ఒక వాక్యం రాశాడు. కొట్టేశాడు. మళ్లీ రాశాడు, మళ్లీ కొట్టేశాడు. మీటల చప్పుడు ఆగిపోయింది. ఎవరో దగ్గారు. ఇంటర్నెట్టు సరిగ్గా రావడం లేదు, ఒక్క నిమిషం అని చెప్పి కెమెరా, మైకు రెండూ ఆపేసి వంటింటి వైపు తిరిగాడు.

"ఒకసారి ఇలా రా."

తడి చేతులతోనే వెళ్లి నిలబడ్డాను. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ఈ ఒక్కసారికి రాసి పెట్టు అన్నాడు. ఇది ఒక్కసారితో పోయేది కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. రేపూ పదిమంది వస్తారు, ఎల్లుండీ వస్తారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. మావాడు పాపం పూర్తిగా దాటకుండానే బోడి మల్లయ్య అన్నాడు, మళ్లీ నడి ఏట్లోంచి పిలుస్తున్నాడు. రాయనని చెప్పి వెనక్కి తిరిగితే చాలు. ఆ నిమిషం నా కసి తీరేది. వచ్చే నెల అద్దె మాత్రం తీరేది కాదు.

"రాస్తాను. ముందు నాకు క్షమాపణ చెప్పు. నీ మాటల్లో నువ్వే చెప్పు."

అంతకంటే నేనేమీ అడగలేదు. ఉద్యోగం తిరిగి ఇప్పించమనలేదు, తేనెసీసాకి నిజం చెప్పమనలేదు. ఆయన లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. ప్రయత్నించలేదని అనను, నా కళ్లముందే ఆ మనిషి గింజుకున్నాడు. చివరికి చేతులు రెండూ వేలాడేశాడు.

"నాకు రావట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలీట్లేదు. అది కూడా నువ్వే రాసివ్వు, నేను చదువుతాను."

వేళాకోళం కాదు. నిజంగానే అడిగాడు, అన్నం పెట్టమని అడిగినట్టు అడిగాడు. ఆ మాట వినగానే అత్తయ్య గిన్నె పక్కన పెట్టి, సోఫాలోంచి లేచి, గోడ పట్టుకుంటూ లోపలి గదిలోకి వెళ్లిపోయింది. కొడుకు ఎదురుగా ఉండగా ఆవిడ అలా లేచిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

నేను చేతులు తుడుచుకున్నాను. వంటింట్లోంచి పొట్టి స్టూలు తెచ్చి, కెమెరాకి అందకుండా బల్ల పక్కన వేసుకున్నాను. నా కంప్యూటరు కీబోర్డు ఊడదీసి ఆయన దానికి తగిలించి ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన కెమెరా, మైకు మళ్లీ పెట్టి, సారీ, ఇప్పుడు బాగానే వస్తోంది అన్నాడు. నేను రాయడం మొదలుపెట్టాను. ఆయన తన కీబోర్డు మీద వేళ్లు ఊరికే ఆడిస్తూ కూర్చున్నాడు. ఆ తల్లికి నేనేం రాశానో ఇక్కడ చెప్పను, అది ఆవిడకి రాసింది. ముగించాను. మనసు పెట్టి రాయడమంటే ఇదీ, చూసి నేర్చుకోండి అని తేనెసీసా కొత్తవాళ్లతో అంది. థాంక్యూ మేడం అన్నాడు ఆయన.

ఇన్నాళ్లూ ఆయన మీద ప్రేమతో రాశాను. ఆ రోజు నుంచి అద్దె కోసం రాస్తున్నాను. ఈ సంగతి దాచలేదు, ఆయన మొహం మీదే చెప్పాను. తలూపాడు. రాతలో తేడా ఆయనకి తెలియలేదు. కస్టమర్లకీ తెలియలేదు, మార్కులు మునుపటికంటే బాగానే వస్తున్నాయి.